వింటివేత దూరం: ఏ విల్లుతో, ఏ బాణంతో?

కూతవేటు దూరం అనే మాట మీ అందరికీ తెలుసు. కేక వేస్తే వినిపించేంత దూరం. పాత తెలుగులో వింటివేత దూరం అనే కొలత కూడా ఉంది. విల్లు ఎక్కుపెట్టి వదిలితే బాణం వెళ్లి పడేంత దూరం. కేకలో మనిషికీ మనిషికీ పెద్ద తేడా ఉండదు. విల్లు అలా కాదు. ఎవరి విల్లు, ఎంత బరువున్న బాణం, గాలి ఎటు వీస్తోంది అన్నవి చెప్పకపోతే ఆ కొలతకు అర్థమే లేదు.

ఈ ఏడాది ఉత్సవాల్లో దూరం బాణం పోటీ పెట్టాలని మన యువజన విభాగం అడిగినప్పుడు సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. గురి పోటీకి నియమాలు ఎక్కడైనా దొరుకుతాయి. దూరం పోటీకి మాత్రం మన విల్లును చూసి మనమే రాసుకోవాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నియమం రాయడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ ఏ విల్లు చేతిలో నిలవాలో, ఏ విల్లు అటకెక్కాలో చాలాసార్లు తేల్చింది నియమాలే. అందుకని పోటీ కన్నా ముందు ఆ చరిత్ర కొంత తెలుసుకుందాం అనుకున్నాం.

రెండేళ్ల కిందట ఏజెన్సీలో ఒక జాతరలో ఇలాంటి పోటీ చూశాం. ఒక కుర్రవాడు కొనుక్కొచ్చిన ఫైబర్ విల్లుతో కార్బన్ బాణం వేశాడు. అది పొలం దాటి గట్టు అవతల పడింది. తర్వాత ఒక పెద్దాయన తన వెదురు విల్లుతో ఇనుప ములుకు బాణం వేశాడు. అది అందులో సగం కూడా పోలేదు. పిల్లలు నవ్వారు. పెద్దాయనకు కోపం రాలేదు. ఈ బాణం దూరం పోవడానికి చేసింది కాదని, పందిని ఆపడానికి చేసిందని మాత్రం చెప్పి విల్లు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ మరుసటి ఏడు ఆ జాతరకు వెదురు విల్లు తెచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అక్కడ ఎవరూ నియమం తప్పలేదు. నియమమే లేదు.

పెద్దాయన అన్న మాటలో చాలా శాస్త్రం ఉంది. విల్లు వంచినప్పుడు దాని బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది. ఆ రెంటిలో దాగిన శక్తి అల్లెతాడు వదలగానే బాణానికి చేరుతుంది. ఒకే విల్లుతో తేలిక బాణం వేస్తే వేగం ఎక్కువ, దూరం ఎక్కువ. బరువు బాణం వేస్తే వేగం తగ్గుతుంది. కానీ విల్లులోని శక్తిలో ఎక్కువ భాగాన్ని అదే తనతో తీసుకుపోతుంది, తగిలినచోట లోతుగా దిగుతుంది. అంటే దూరం పోయే బాణం, పని చేసే బాణం ఒకటి కావు. అడవిలో వేటగాడికి 200 మీటర్లతో పని లేదు. చెట్ల మధ్య చూపు ఆనేదే ఇరవై ముప్పై అంగల దూరం. అంత దగ్గర నుంచి చప్పుడు లేకుండా, ఒక్క బాణంతో పని అయిపోవాలి. మన విల్లు ఆ అవసరం నుంచి పుట్టింది.

గోదావరి ఇరుగట్ల కోయలు, కొండరెడ్లు, ఆదిలాబాద్ గోండులు, కొలాములు, నల్లమల చెంచులు అందరికీ విల్లు ఉంది. కానీ అందరిదీ ఒకే విల్లు కాదు. పొడవు, మందం, ములుకు ఊరు మారితే మారతాయి. ఎక్కువ చోట్ల కర్ర వెదురే. మధ్య భారతపు అడవుల్లో చాలా చోట్ల అల్లెతాడు కూడా సన్నగా చీల్చిన వెదురు బద్దే. అది నార తాడులా సాగదు. పెద్ద జంతువుకు వెడల్పాటి ఇనుప ములుకు, పిట్టకు మొద్దు ములుకు. విల్లు అన్న మాట కూడా మనదే. తెలుగు విల్లు, తమిళ విల్, గోండి విల్ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. ధనుస్సు అనేది సంస్కృతం నుంచి తర్వాత వచ్చి చేరిన మాట.

ఇక్కడి నుంచి ఒక్కసారి ఇంగ్లండు వెళ్దాం. అంత దూరం ఎందుకంటే, దూరం బాణానికి చట్టాలు రాసిన దేశం అది. అక్కడి యుద్ధపు విల్లు యూ అనే చెట్టు కర్రతో చేసేది. నిలబెడితే మనిషి కన్నా ఎత్తు. 1346లో క్రేసీ దగ్గర, 1415లో అజింకూర్ దగ్గర ఫ్రెంచి సైన్యాలను దెబ్బతీసింది ఈ విల్లే. దాన్ని పట్టింది ప్రభువులు కాదు, మామూలు రైతు బిడ్డలు. యుద్ధం వచ్చాక నేర్పితే వచ్చే విద్య కాదు కాబట్టి రాజులు చట్టాలు చేశారు. 1363లో మూడో ఎడ్వర్డ్ పండుగ రోజుల్లో బంతాటలు మాని బాణం వేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. 1541లో ఎనిమిదో హెన్రీ కాలపు చట్టం ఇంకా లోతుకు పోయింది. ఏడేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా ఉన్న ప్రతి మగపిల్లవాడికీ తండ్రి ఒక విల్లు, రెండు బాణాలు ఇవ్వాలి.

ఆ చట్టంలోనే దూరం నియమం ఉంది. 24 ఏళ్లు దాటినవాడు తేలిక బాణంతో పదకొండు ఇరవైల గజాలు, అంటే 220 గజాలు, అంతకన్నా దగ్గరున్న గురిని కొట్టకూడదు. తప్పితే ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీల జరిమానా. 220 గజాలంటే సరిగ్గా ఒక ఫర్లాంగు. మన తాతలు బస్సు దిగి ఊరికి ఎన్ని ఫర్లాంగులో చెప్పేవారే, అదే ఫర్లాంగు. మీకు ఇంకా బాగా అర్థమయ్యేలా చెప్పాలంటే పది క్రికెట్ పిచ్‌లు ఒకదాని వెనక ఒకటి పరిచినంత, సుమారు 201 మీటర్లు. ఇరవైల లెక్క చూసి నవ్వకండి. మన ఊళ్లలో ముసలివాళ్లు ఇరవైల లెక్కన విత్తులు లెక్కించడం మేము విన్నాం.

24 ఏళ్లు రానివాడికి వేరే నియమం. వాడు ఒకేచోట పాతిన గురిని పదేపదే కొట్టకూడదు. ఒక్కో బాణానికీ గురి మారుస్తూ పోవాలి. మొదట చదివినప్పుడు ఇదేమి వింత అనిపిస్తుంది. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. ఒకే దూరం అలవాటైనవాడు ఆ దూరానికే వీరుడు. గురి మారుతూ ఉంటే కన్ను దూరాన్ని అంచనా వేయడం నేర్చుకుంటుంది. అడవిలో మన పిల్లలు ఏ చట్టమూ లేకుండా నేర్చుకున్నది ఇదే. మేము బీఈడీలో చదువుకున్న బోధనా సూత్రాల్లో ఇంత సూటిగా చెప్పింది తక్కువ.

ఆ విల్లులు ఎంత బలమైనవో చాలాకాలం ఎవరికీ సరిగ్గా తెలియదు. 1545 జులైలో పోర్ట్స్‌మత్ దగ్గర మేరీ రోజ్ అనే యుద్ధ నౌక మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. సముద్రపు బురదలో 130కి పైగా విల్లులు చెక్కుచెదరకుండా, వేలల్లో బాణాలు దొరికాయి. పాత కర్రను లాగితే విరుగుతుంది కాబట్టి కొలతలు తీసి, నకళ్లు చేయించి లాగి చూశారు. తేలిన లెక్క సుమారు 45 కిలోల నుంచి 80 కిలోల పైదాకా. హాస్టల్ స్టోరులో 50 కిలోల బియ్యం బస్తా ఉంటుంది. ఆ బస్తా బరువును వేళ్ల మీద చెవి దాకా లాగి, నిలబెట్టి, వదలాలి. నేటి ఒలింపిక్ విల్లు అందులో సగం కూడా ఉండదు. ఆ బరువుతోనే వాళ్ల బరువు బాణాలు 200 మీటర్లు దాటి వెళ్లేవి. ఇప్పుడు అక్కడ ఆ విల్లును మళ్లీ చేసి వేస్తున్నవాళ్లు దూరం పోటీలను బాణం బరువును బట్టి విడివిడిగా పెట్టుకుంటారు. తేలిక బాణంతో గెలిచినవాడిని బరువు బాణంవాడి పక్కన నిలబెట్టరు. మనం తీసుకోవాల్సిన మొదటి పాఠం ఇదని మా అభిప్రాయం.

ఇంటి దగ్గర కొడుకు చేతికి విల్లు ఇవ్వని తండ్రిని తప్పుపట్టిన ఆ దేశమే మన దగ్గర ఏం చేసిందో చూడండి. 1878 భారత ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే ఏమిటో నిర్వచిస్తూ తుపాకీ, కత్తి, బల్లెంతో పాటు విల్లంబులనూ పేరు పెట్టి రాశారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో వేట, పోడు, పశువుల మేత అన్నీ సర్కారు నియమాల కిందికి పోయాయి. అక్కడ విల్లు పట్టడం పౌరుడి బాధ్యత, ఇక్కడ విల్లు పట్టడం అనుమానానికి కారణం. చట్టం రాసే చేయి ఒక్కటే.

అందుకే రంప తిరుగుబాటును మనం కొంచెం జాగ్రత్తగా చదవాలి. పోస్టర్లలో అల్లూరి సీతారామరాజు చేతిలో విల్లు ఉంటుంది, భుజాన అమ్ములపొది ఉంటుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసినప్పుడు గంటందొర, మల్లుదొర వంటివాళ్లతో కలిసి ఆయన పట్టుకెళ్లింది తుపాకులు, తూటాలు. మన్యం వీరులకు తమ విల్లు ఎంత దూరం పనిచేస్తుందో తెలుసు, సర్కారు తుపాకీ ఎంత దూరం పనిచేస్తుందో కూడా తెలుసు. విల్లును చిన్నచూపు చూసి కాదు, దాని హద్దు ఎరిగి అలా చేశారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీమ్, ఆయన సహచరులు నేలకొరిగిందీ తుపాకుల ముందే. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమెండార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ఆయన చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజ్‌గోండుల మీద రాసిన పుస్తకాలు 1943, 1945, 1948లో వచ్చాయి. లైబ్రరీలో దొరికితే బొమ్మలైనా చూడండి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. దాని మంచిచెడులు వేరే వ్యాసం. విల్లు మాత్రం అప్పటి నుంచి ఎక్కువగా పండుగ వస్తువైంది. విశాఖ మన్యంలో చైత్రంలో ఇటుకల పండుగకు, కోయ పల్లెల్లో విత్తనాల పండుగకు బయటికి తీస్తారు. మిగతా ఏడంతా చూరులో ఉంటుంది.

ఇక మైదానపు విలువిద్య. 1931లో పుట్టిన అంతర్జాతీయ సమాఖ్య దూరాలు, గురి పలకల కొలతలు స్థిరపరిచింది. ఇప్పుడు ఒలింపిక్స్‌లో 70 మీటర్లు, 122 సెంటీమీటర్ల పలక. చక్రాలున్న కాంపౌండ్ విల్లుకు 50 మీటర్లు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ కాంపౌండ్‌తోనే. ఆదివాసీ పిల్లల్లో అందరూ చెప్పుకునే పేరు రాజస్థాన్‌కు చెందిన లింబారామ్. వెదురు విల్లుతో పెరిగిన కుర్రవాడు సర్కారు ఎంపికలో దొరికి, 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో ఆడాడు. 1992లో బీజింగ్‌లో 30 మీటర్ల దూరంలో ప్రపంచ రికార్డును సమం చేశాడు. గర్వించాల్సిందే. కానీ ఒక్కటి గమనించండి. విల్లు మార్చుకున్నాకే ఆయనకు ఆ దారి దొరికింది. వెదురు విల్లు కోసం మన దేశపు పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది. మంచిదే. అయినా అది గురి పోటీ, దూరం పోటీ కాదు.

పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఏకలవ్యుడు బొటనవేలు లేకుండా ఎలా వేశాడు? ఒలింపిక్స్ వీడియో పెట్టి చూడండి. అల్లెతాడును లాగేది చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు. బొటనవేలికి అక్కడ పని లేదు. ఇంగ్లండు విలుకాళ్లూ అంతే. బొటనవేలితో లాగే పద్ధతి తురుష్కులది, మంగోలులది. గురుదక్షిణ అన్యాయమే, కానీ విద్య ఆ వేలితో పోలేదు.

తురుష్కుల మాట వచ్చింది కాబట్టి, దూరం బాణాన్ని కళగా పెంచింది వాళ్లే. ఇస్తాంబుల్‌లో ఒక్‌మైదాన్, అంటే బాణం మైదానం, 15వ శతాబ్దం నుంచి ఉంది. విలుకాడిగా గుర్తింపు కావాలంటే తేలిక బాణాన్ని 900 గెజ్‌లు, సుమారు 594 మీటర్లు పంపాలి, అదీ సాక్షుల ముందు. రికార్డు బాణం పడినచోట రాయి నిలబెట్టేవారు. మన ఊళ్లలో వీరగల్లు ఉన్నట్టు. ఇక భూటాన్‌వాళ్లు 140 మీటర్లకు పైగా దూరంలో చిన్న చెక్క గురి పెట్టి రెండు జట్లుగా ఆడతారు, తగిలితే పాడి ఆడతారు. అక్కడ కాంపౌండ్ విల్లు వచ్చాక వెదురు విల్లును తోసేయలేదు. దానికి వేరే పోటీలు ఉంచారు. మనకు దగ్గరి దారి ఇంగ్లండుది కాదు, భూటాన్‌ది అనిపిస్తుంది.

ఇప్పుడు మన నియమాలు. అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల మధ్య ఒక మేడ మీది గదిలో కూర్చుని రాసిన ముసాయిదా ఇది. మార్చడానికి వీలుంది.

కొన్న విల్లును నిషేధించాలన్న మాట వచ్చింది. మేము వద్దన్నాం. నగరంలో చదివే పిల్లవాడికి అదే దొరుకుతుంది. దానికి వేరే వరుస ఉంటే చాలు. వెదురు విల్లులో రెండు వరుసలు: పని బాణం, తేలిక బాణం. పని బాణానికి ఇనుప ములుకు ఉండాలి, కనీస బరువు ఉండాలి. ఆ బరువు ఎంత అన్నది గదిలో కూర్చుని తేల్చకూడదు. ఊళ్లలో పెద్దల బాణాలు తూచి, అన్నిటిలోకీ తేలికదాని బరువునే కనీసంగా పెట్టాలి. అప్పుడు ఏ పెద్దాయన బాణమూ నియమం బయట పడదు. తూచడానికి కంసాలి త్రాసు చాలు. విల్లు బరువు కొలవడానికి సామాను తూచే వేలాడే త్రాసును అల్లెతాడుకు తగిలించి, బాణం పొడవంతా లాగి చూడాలి. విడదీయాల్సింది ఆ బరువును బట్టే కానీ ఆడా మగా అని కాదు. 15 కిలోల విల్లు ఎవరు లాగినా 15 కిలోల విల్లే.

గీత దగ్గర నుంచి నేరుగా టేపు పరవాలి. బాణం పక్కకు పోతే, పడినచోటు నుంచి టేపుకు లంబంగా గీసి అక్కడి అంకె తీసుకోవాలి. వంకరగా పోయిన దూరం లెక్కలోకి రాదు. మనిషికి మూడు బాణాలు, మేలైనదే లెక్క. ఎవరి బాణానికి వాళ్లు రంగు దారం చుట్టుకోవాలి. ఒక వరుసవాళ్లంతా ఒకే పూట, ఒకే దిక్కుకు వేయాలి. లేకపోతే గాలి గెలుస్తుంది, మనిషి కాదు.

చోటు గురించి గట్టిగా చెప్పాలి. సభ నగరంలో జరిగినా పోటీ ఇక్కడ వద్దు. అమీర్‌పేట, పంజగుట్టల్లో ఫర్లాంగు దూరం మనిషి లేని నేల ఎక్కడా లేదు. కోతలయ్యాక ఊళ్లో పొలాల్లో పెట్టాలి. అత్యంత దూరం పోతుందనుకున్నదానికి రెట్టింపు నేల ఖాళీగా ఉండాలి. పశువులు రాకుండా అటు ఇద్దరు కాపలా. ఈల వేసేదాకా గీత దాటకూడదు. ఆకాశంలోకి నిట్టనిలువునా వేసినవాళ్లను ఆ రోజుకు పక్కన కూర్చోబెట్టాలి. అది ఏ వంశపు బిడ్డ అయినా సరే. ప్రదర్శనకు విల్లు తెచ్చేవాళ్లు మెట్రోలో తేవద్దు, సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. మాసాబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం పంజగుట్టకు ఎంతో దూరం లేదు. వెళ్లి చూసి రండి.

పోటీ కన్నా ముందు జరగాల్సిన పని ఒకటుంది. మీ ఇంట్లో చూరులోనో అటక మీదో పాత విల్లు ఉంటే దాన్ని లాగకండి. ఏళ్ల తరబడి ఎండిన వెదురు పుటుక్కున విరిగి మొహాన తగులుతుంది. పొడవు, నడిమి మందం, బాణం బరువు, చేసినవారి పేరు, ఊరు, ఏ వెదురు, ఏ నెలలో నరికినది, అల్లెతాడు దేనితో చేసినది రాసి సంఘానికి పంపండి. చేసినవారు ఇంకా ఉంటే అదే కొలతకు కొత్త విల్లు ఒకటి చేయించండి. వెదురు, కూలి ఖర్చు సంఘం భరిస్తుంది. త్రాసుకు తగిలించేది ఆ కొత్త విల్లునే.